రొద చాటున

చీకటి పడటమే ఆలస్యం, అక్క రేడియోలో రొద మొదలయ్యేది. మామూలు గరగర కాదది. కాగిన నూనెలో తడిగరిటె పెట్టినట్టు ఒకటే చిటపట, దాని అడుగున జోరీగ మోత. ఆ మోత కింద ఎక్కడో తమ్ముడు ఉండేవాడు.

అక్కా తమ్ముడూ ఇద్దరూ హామ్‌లు. సంపాదన కోసం కాకుండా సరదాకి లైసెన్సు తీసుకుని, సొంత రేడియో సెట్లతో దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడుకునే జాతి అది. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసిన చిన్నాన్న వాళ్ళకి పలకా బలపం పట్టే వయసులోనే మోర్స్ నేర్పాడు. అన్నాల బల్ల మీద చెంచాలతో టకటకలాడించుకుంటూ, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్ళనే తిట్టుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్న పిల్లలు వాళ్ళు. పెళ్ళిళ్ళయి చెరో ఊళ్ళో పడ్డాక కూడా సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ సెట్ల ముందు చేరేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, చుక్కలూ గీతలూ.

ఆ తర్వాత తమ్ముడికి గొంతులో పుండు లేచింది. అది మంచి పుండు కాదన్నారు. స్వరపేటిక తీసేశారు. అక్క ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే వాడు కాగితం మీద రాసి చూపించాడు: "కీ ఉందిగా, ఏడుపెందుకు?" కీ అంటే మోర్స్ కొట్టే మీట.

ఫోన్లో మెసేజీలు పెట్టుకోవచ్చుగా అని అందరూ ఉచిత సలహా ఇచ్చేవారు. పెట్టేవాడు. "బాగున్నాను" అని. చచ్చేంత జ్వరంలో ఉన్నా ఆ అక్షరాలు అలాగే ఉంటాయి. కీ మీద పడే చెయ్యి అలా కాదు. తమ్ముడు ప్రతి మాటలోనూ చివరి గీతని కాస్త సాగదీస్తాడు, బద్ధకంగా ఒళ్ళు విరుచుకున్నట్టు. నొప్పి ఉన్నరోజు ఆ సాగదీత తగ్గుతుంది. నిద్రలేనిరోజు అక్షరాల మధ్య సందులు పెరుగుతాయి. ఇక నవ్వు. హామ్‌లు మోర్స్‌లో నవ్వాలంటే నాలుగు చుక్కలు, ఆ వెంటనే రెండు చుక్కలు కొడతారు. తమ్ముడు కొడితే ఆ ఆరూ ఒకదాని మీద ఒకటి పడి దొర్లిపోయేవి. గొంతు పోయాక వాడికి మిగిలిన నవ్వు అదొక్కటే. అది వింటేనే అక్కకి ఆ పూట ముద్ద దిగేది.

విడిపోయేటప్పుడు అంకెల్లో చెప్పుకోవడం హామ్‌ల అలవాటు. అందరికీ డెబ్భై మూడు, అంటే శుభం. బాగా కావలసినవాళ్ళకి ఎనభై ఎనిమిది, అంటే ప్రేమతో. ఇవికాక ముప్ఫై మూడు అని ఒకటుంది. అది ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికే చెబుతుంది, మగవాళ్ళకి చెప్పరు. "నేనేం పాపం చేశాను, నాకూ ఒకసారి చెప్పరాదూ" అని తమ్ముడు వేధించేవాడు. "మీసం తీసేసి రా, అప్పుడు ఆలోచిస్తా" అనేది అక్క. ఆ మీసం అంటే వాడికి ప్రాణం.

ఇప్పుడు ఆ చెయ్యీ, ఆ నవ్వూ రొదలో మునిగిపోయాయి. ఒక మాట వినపడితే రెండు మాటలు ఊహించుకోవాల్సి వచ్చేది. "రొదగా ఉంది, సగం అందలేదు" అని అక్క రోజూ కొడుతూనే ఉంది. "పరవాలేదు" అని అటునుంచి వచ్చేది, ముక్కలు ముక్కలుగా.

అక్కదీ ఆమె భర్తదీ ఒకే షాపు. ముందు గదిలో ఆయన కళ్ళజోళ్ళు అమర్చుతాడు, వెనక గదిలో ఆమె చెవి మిషన్లు అమర్చుతుంది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు కూర్చోగానే అనే మాట ఒకటే: "నా చెవులకేం రోగం లేదమ్మా, మా ఇంట్లోవాళ్ళే గొణుగుతారు." అక్క నవ్వు బిగబట్టుకుని వాళ్ళ చెవి కొలత తీసుకునేది.

"ఇంత బాధపడేబదులు ఒకసారి వెళ్ళి చూసి రారాదుటోయ్?" అన్నాడు భర్త, కళ్ళద్దం తుడుస్తూ. "షాపు నేను చూసుకుంటాగా."

"వాడే వద్దంటున్నాడండీ. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాడట, సామానంతా వరండాలో ఉందట."

"ఇన్ని నెలలా సున్నాలు? కోట కట్టిస్తున్నాడేంటి మీ తమ్ముడు?"

"ముందు ఈ రొద సంగతి తేలనివ్వండి" అని ఆమె మాట తప్పించింది. వెళ్ళాలంటే ఆమెకి భయం. వెళితే వాణ్ణి కళ్ళారా చూడాలి. చిక్కిపోయి ఉంటే అదీ చూడాలి. రొదతో అయితే పోట్లాడొచ్చు.

అలా కొంది ఆ స్పెక్ట్రమ్ ఎనలైజర్. పెద్ద కంపెనీల లాబుల్లో ఉండే యంత్రం ట్రంకుపెట్టెంత ఉంటుంది, ఇది అరచేతిలో ఇమిడిపోతుంది. గాలిలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలమైన సిగ్నల్ ఉందో చిన్న తెర మీద గీతలుగా చూపిస్తుంది. చవకది. చవకదనానికి తగ్గ బుద్ధులూ ఉన్నాయి దానికి, కానీ ఆ సంగతి అక్క తర్వాత తెలుసుకుంది. వచ్చినరోజే చీకటి పడగానే దానికి బుల్లి ఏరియల్ తగిలించి, పొయ్యి మీద పాలు వదిలేసి, మెట్ల మీద వేటకి బయలుదేరింది.

కింది అంతస్తులో దర్జీ ఆవిడ గుమ్మం దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. సరిగ్గా తమ్ముడి మాటలు వచ్చే చోటే. ఇంకేముంది, అక్క ఒంటికాలి మీద లేచింది. లోపల కొలతలిస్తున్నవాళ్ళున్నారు, ఒకావిడ జాకెట్టు చెయ్యి పొడుగు గురించి వాదిస్తోంది. అందరి ముందూ అడిగేసింది.

"ఏమండీ, మీ కుట్టుమిషను మోటారు పాడైందని తెలుసా? దానివల్ల మా రేడియోలో మాట వినపడి చావట్లేదు. అవతల జబ్బుమనిషి. కాస్త బాగు చేయించుకోకూడదూ?"

దర్జీ ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూసింది. "మోటారా? ఏదమ్మా మోటారు?" అని మిషను మీది బట్ట ఎత్తి చూపించింది. కాలితో తొక్కే మిషను. "దీనికి మోటారంటే నా మోకాళ్ళే. అవి పాడైన మాట నిజమే, బాగు చేయిస్తావా?"

జాకెట్టు ఆవిడ పకపకా నవ్వింది. అక్కకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైకి వచ్చేసరికి పాలు పొంగిపోయి ఉన్నాయి.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రే తెలిసింది, తెలిశాక ఇంకా సిగ్గేసింది. దర్జీ ఆవిడ గుమ్మానికి ఎదురుగా ఊరి రేడియో స్టేషన్ టవరు కనిపిస్తుంది. అంత బలమైన సిగ్నల్ మీద పడేసరికి ఆ చవక పెట్టె తట్టుకోలేక, లేని చోట దొంగ గీతలు పుట్టించుకుంటుంది. నిజం గీతా, దొంగ గీతా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పెట్టెలోకి వచ్చే సిగ్నల్‌ని పది మెట్లు తగ్గించి చూడాలి. నిజమైన గీత బుద్ధిగా పది మెట్లే దిగుతుంది. దొంగ గీత కుప్పకూలుతుంది. హామ్‌లలో ఇది ఓనమాలతో సమానం. తొందరలో అక్క ఆ ఓనమాలే దిద్దలేదు.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి పెట్టె విప్పింది. భర్త కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవర్లు దానికి సరిగ్గా సరిపోయాయి. "గ్యారంటీ పోతుందేమో" అన్నాడాయన. "పోతే పోనివ్వండి" అంది. ప్లాస్టిక్ డొప్ప లోపల రాగి రేకు అంటించి, దాన్ని ఎర్త్‌కి టంకం పెట్టింది, పక్కదారిన సిగ్నళ్ళు చొరబడకుండా. దగ్గుబిళ్ళల రేకుడబ్బా ఖాళీ చేసి, అందులో కాయిళ్ళూ కెపాసిటర్లూ అమర్చి, టవరు సిగ్నల్‌ని గుమ్మం బయటే ఆపేసే ఫిల్టరు తయారుచేసింది. ఇక ఏరియల్. రొద ఏ దిక్కునుంచి వస్తోందో చెప్పాలంటే తీగని గుండ్రంగా చుట్టాలి, దానికి ఒక చట్రం కావాలి.

చట్రం కోసం మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాల్సి వచ్చింది. ఎంబ్రాయిడరీ రింగు ఉందా అని నీళ్ళు నములుతూ అడిగింది.

"నా మీద కేసు కొట్టేశారా?" అంది దర్జీ ఆవిడ.

"కొట్టేశాం. తప్పయిపోయింది, క్షమించండి."

ఆవిడ పెద్ద రింగు వెతికి ఇచ్చింది. "జబ్బుమనిషి అన్నావు. ఎవరమ్మా?"

"మా తమ్ముడు" అంది అక్క. దర్జీ ఆవిడ తీగ జారకుండా ఆ రింగుకి తనే దారంతో కుట్లు వేసిచ్చింది.

ఆ సాయంత్రం అక్క హుషారుగా కొట్టింది: "పెట్టెని దారికి తెచ్చాను. ఇక రొద దొంగని పట్టేస్తాను. రేపోమాపో నీ మాట గంట కొట్టినట్టు వినిపిస్తుంది."

అటునుంచి చాలాసేపు ఏమీ రాలేదు. చిటపటల మధ్య నుంచి ముక్కలు వచ్చాయి: "ఎందుకంత... శ్రమ... వదిలెయ్."

వాడు విసిగిపోయినట్టున్నాడు అనుకుంది. పట్టుదల ఇంకా పెరిగింది.

ఈసారి పెట్టె బుద్ధిగా ఉంది. రింగు తిప్పుతుంటే ఒక దిక్కున గీత అణిగిపోయేది, మరో దిక్కున లేచేది. గుమ్మం గుమ్మానికీ పది మెట్లు తగ్గించి పరీక్షించింది. గీత పై అంతస్తుకి దారి చూపించింది, చివరి వాటాకి. అక్కడ బళ్ళో బొమ్మలు నేర్పే మాస్టారు ఉంటారు. ఆయనకి చేపల పిచ్చి. ముందుగదిలో నాలుగు గోడలకీ అద్దాల తొట్లే, మనిషి కూర్చోవడానికే చోటుండదు.

"నా చేపలు అల్లరి చేస్తున్నాయా?" అన్నారు మాస్టారు, మొహం ముడుచుకుని. దర్జీ ఆవిడ కథ ఆయన దాకా వచ్చినట్టే ఉంది.

"చేపలు కాదు మాస్టారూ. దీపాలేమో చూద్దాం. ఒక్కొక్కటే ఆర్పుతారా?"

ఆయన అయిష్టంగానే ఆర్పుకుంటూ వెళ్ళారు. అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. కిటికీ పక్క తొట్టి దీపం ఆరగానే గీత చతికిలబడింది. వెలిగించమంది, లేచింది. ఆర్పమంది, పడింది. కొన్ని నెలల కిందట తెచ్చిన దీపమట, చీకటి పడగానే దానంతటదే వెలుగుతుందట. దోషమంతా దాని అడాప్టరుది.

"ఆర్పేయమంటే నా వల్ల కాదమ్మా" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం పోయి బెంగ వచ్చింది. "వెలుగు తక్కువైతే ఈ చేప రంగు వెలిసిపోతుంది."

"ఆర్పక్కర్లేదు మాస్టారూ." ఆమె చేతిసంచిలోంచి ఫెర్రైట్ రింగులు తీసింది. నల్లగా, గారెల్లా ఉంటాయి అవి, తీగలోంచి రొద బయటికి పాకకుండా పట్టి ఆపుతాయి. అడాప్టరు తీగని వాటి గుండా మెలికలు తిప్పి చుట్టింది. దీపం వెలుగుతూనే ఉంది. గీత లేవలేదు. చేప ఎర్రగా, ఏమీ పట్టనట్టు తిరుగుతోంది. మాస్టారు ఆమెని మెట్లదాకా సాగనంపారు.

అక్క రెండేసి మెట్లు దిగుతూ వచ్చి సెట్టు పెట్టింది. "ఏమండీ, ఒకసారి రండి, ఇది వినండి" అని కేకేసింది. ఏమీ వినిపించడం లేదన్నాడు భర్త. "అదే మరి" అంది, ఆనందం పట్టలేక. అంత శుభ్రమైన నిశ్శబ్దం ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో.

తమ్ముడి పిలుపు వచ్చింది. ఒక్కో చుక్కా ఒక్కో నీటిబొట్టులా విడిగా, స్పష్టంగా వినిపించింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "దొంగ దొరికాడు. చేపల తొట్టి దీపం. ఇంతకుముందు పాపం కాళ్ళతో తొక్కే మిషను మీద మోటారు నేరం మోపి వచ్చాను" అని గబగబా కొట్టేసింది. ఇది విని వాడు పడీపడీ నవ్వాలి.

ఆగి ఆగి నవ్వు వచ్చింది. నాలుగు చుక్కలు. ఒక సందు. రెండు చుక్కలు.

అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. చుక్కకీ చుక్కకీ మధ్య కొలిచినట్టు ఒకే దూరం. ఒక్కటీ ఇంకోదాని మీద పడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లోపల లెక్కపెట్టుకుని మరీ నవ్వినట్టుంది.

కీ మార్చాడేమో అనుకుంది. ఒంట్లో నీరసమేమో అనుకుంది. మాటల చివర సాగదీత కోసం చెవులు రిక్కించింది. లేదు. నొప్పి ఉన్నరోజు తగ్గడం వేరు, ఇది అసలు ఎప్పుడూ లేనట్టే ఉంది. నిజం గీతకీ దొంగ గీతకీ పరీక్ష ఉందిగా. చిన్నప్పుడు చెంచాలతో కొట్టుకున్న తిట్లు, పెద్దవాళ్ళకి అందని వేగంతో కొట్టింది. ఆ వేగం తమ్ముడికి మంచినీళ్ళ ప్రాయం.

అవతలి చెయ్యి అందుకోబోయి తడబడింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తడబడింది. ఆ తర్వాత వరసగా ఎనిమిది చుక్కలు వచ్చాయి. తప్పు కొట్టాను, మన్నించండి అనడానికి గుర్తు అది. తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఆ గుర్తు కొట్టి ఎరగడు. తప్పు కొడితే అదే ఒప్పని వాదించే రకం.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, వాడూ మరదలూ. "మీ అక్కాతమ్ముళ్ళ టకటక నాకు తలనొప్పి వదినా" అని ఎప్పుడూ దూరం జరిగే మరదలు.

ఒక్క క్షణం అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తనని వెర్రిదాన్ని చేశారు. సున్నాలట, వరండాలో సామానట. ఇటునుంచి తను రోజూ "సగం అందలేదు" అని మొత్తుకుంటుంటే అదే వాళ్ళకి అలుసైంది, ఆ రొద చాటున చెయ్యి మారిపోయింది. కానీ తను మాత్రం? చెయ్యి తేడాగా ఉందని ఒక్కసారైనా అనుమానం రాలేదా? వచ్చింది. వచ్చినప్పుడల్లా రొద మీదకి నెట్టేసింది. నా చెవులకేం రోగం లేదు, ఇంట్లోవాళ్ళే గొణుగుతారు. షాపులో తను నవ్వుకున్నవాళ్ళ కంటే ఏం గొప్ప?

అవతల కీ మౌనంగా ఉంది. నెలల తరబడి ఒక్కో అక్షరం బట్టీపట్టి, వేళ్ళు నొప్పెట్టేలా ఈ పద్ధతి నేర్చుకున్న మనిషి, దొరికిపోయానని బిక్కచచ్చి కూర్చుని ఉంటుంది. మెల్లగా కొట్టేవాళ్ళతో మెల్లగానే కొట్టాలన్నది హామ్‌ల మర్యాద. ఏళ్ళకేళ్ళుగా అక్కకి అలా మెల్లగా కొట్టే అవసరం రాలేదు. చెమట పట్టిన వేళ్ళు చీరకి తుడుచుకుని, బడిపిల్లకి దిద్దబెట్టినంత నెమ్మదిగా రెండే అంకెలు కొట్టింది.

ముప్ఫై మూడు.

రేడియోలో చిన్న చిటపట కూడా లేదు, దాక్కోవడానికి ఎవరికీ చాటు లేదు.

చివరికి వచ్చింది. వణుకుతూ, ఒక్కో గీతా తడుముకుంటూ: ముప్ఫై మూడు. తర్వాత, "వదినా."

ఆ తర్వాత మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. "ఆయన కుడిచెయ్యి పడిపోయింది. జబ్బు మెదడుకి పాకింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఎడమచేతికి కీ నొక్కే బలం లేదు. నా అరచేతిలో వేలితో తడతారు. అది నేను కొడతాను. మాటలన్నీ ఆయనవే వదినా. నవ్వు కూడా ఆయనదే. నాకు సరిగ్గా నవ్వడం రాలేదు."

అక్కకి కన్నీళ్ళలో కీ కనిపించలేదు, చేత్తో తడుముకుని, ఒక్కో మాటా పైకి అనుకుంటూ కొట్టింది. "రేపు బయలుదేరుతున్నాను. వాడు వింటున్నాడా?"

"వింటున్నారు. ఇక్కడే ఉన్నారు. ఆగండి, ఏదో చెబుతున్నారు."

అటు చాలాసేపు పట్టింది. ఒక అరచేతిలో ఒక వేలు తడుతూ ఉండి ఉంటుంది. భర్త అప్పటికే లోపల అటక మీంచి ప్రయాణం పెట్టె దించుతున్నాడు.

"ముప్ఫై మూడు నాకేనా అని అడుగుతున్నారు" అని వచ్చింది. "మీసం తీసేశానని చెప్పమంటున్నారు."